మీకు తెలుసా? ఒకే పాట, రెండు కంఠములు

అమెరికాలోని నల్లజాతివారి క్రైస్తవ ప్రార్థనాగీతములనుండియు, రిథమ్ అండ్ బ్లూస్ బాణీలనుండియు ఉద్భవించిన సోల్ సంగీతమున అగ్రగణ్యులెవరని విచారించువారు, ముందుగా ‘రెస్పెక్ట్’ అను ఒక్క పాటను ఇరువురి కంఠములందును వినవలెను. దానిని రచించి, 1965లో తొలుత పాడినవాడు జార్జియా రాష్ట్రమువాడైన ఓటిస్ రెడ్డింగ్. అతని నోట అది, పాటుపడి ఇల్లు చేరిన పురుషుడు ఇల్లాలిని మన్నన వేడుకొనుటగా నుండెను. డెట్రాయిట్ నగరమున బాప్టిస్టు మతబోధకుని కుమార్తెగా పెరిగి, ప్రార్థనామందిరమునందే గాత్రమునకు పదును పెట్టుకొనిన అరీతా ఫ్రాంక్లిన్, 1967లో అదే పాటను చేపట్టి, తన సోదరీమణుల గళములను తోడు చేసికొని, శీర్షికలోని అక్షరములను ఒక్కొక్కటిగా పలుకు భాగమును నూతనముగా చేర్చి, దానిని స్త్రీ ఆత్మగౌరవ ఘోషగా మార్చెను. అది బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానము నందినది.

ఓటిస్ గరుకు కంఠమున ఆర్తి అధికము. అరీతా గాత్రమున అధికారము మెండు. స్థాయీవిస్తారమునను, స్వయముగా పియానో వాయించు విద్వత్తునను ఆమెదే పైచేయి యని నా నిశ్చితాభిప్రాయము. అయినను ఓటిస్‌కు కాలము చాలలేదు: 1967 డిసెంబరు 10న, ఇరువదియారేండ్ల ప్రాయముననే, విమానప్రమాదమున అతడు మరణించెను. అంతకు కొలది దినములకు ముందు పాడిన ‘ది డాక్ ఆఫ్ ది బే’ 1968లో అదే పట్టికలో ప్రథమస్థానము నధిష్ఠించెను. గాయకుని మరణానంతరము ఆ స్థానము నందిన మొట్టమొదటి పాట యదియే.