చిట్టెలుక గుండెను చూపే సూదిబెజ్జం

అండమాన్‌లోని హాడో రేవుకు ఎదురుగా ఉన్న ఒక గదిని పగటిపూట చీకటి చేసి, కిటికీకి అడ్డుపెట్టిన అట్టకు చిన్న బెజ్జం పెట్టి చూడండి. విశాఖ నుంచి వచ్చి ఆగిన ఓడ ఎదుటి గోడ మీద తలకిందులుగా కనిపిస్తుంది. బెజ్జం పెద్దదైతే బొమ్మ వెలుగుతుంది, కానీ అలుక్కుపోతుంది. చిన్నదైతే అంచులు తేలతాయి, కానీ వెలుతురు చాలదు. మందుల పరిశోధనలో చిట్టెలుకల శరీరం లోపలికి చూసే గామా కెమెరాలకూ ఇదే చిక్కు.

ఈ పద్ధతిలో టెక్నీషియం-99ఎం వంటి రేడియోధార్మిక పదార్థం జత చేసిన మందును ఎలుకకు ఎక్కిస్తారు. అది చేరిన అవయవం నుంచి గామా కిరణాలు అన్ని దిక్కులకూ వెలువడతాయి. వాటి విషయంలో మామూలు కటకాలు పనిచేయవు. అందుకే కెమెరా ముందు బెజ్జాలున్న బరువైన లోహపు పలక పెడతారు. అదే కొలిమేటర్. సరైన దారిన వచ్చిన కిరణాలను మాత్రమే రానిచ్చి, మిగతావాటిని అది ఆపేస్తుంది.

మనుషుల స్కానింగ్‌లో తేనెపట్టులాంటి సమాంతర రంధ్రాలున్న సీసపు కొలిమేటర్ వాడతారు. దానితో సుమారు ఒక సెంటీమీటరు వివరం దొరుకుతుంది. చిట్టెలుక మెదడు మొత్తం ఇంచుమించు అంతే! అందుకే చిన్న జంతువులకు సూదిబెజ్జపు కొలిమేటర్ కావాలి. జంతువును బెజ్జానికి దగ్గరగా, డిటెక్టర్‌ను దూరంగా పెడితే బొమ్మ పెద్దదవుతుంది.

ఒక లెక్క వేద్దాం. ఎలుక 3 సెం.మీ., డిటెక్టర్ 15 సెం.మీ. దూరంలో ఉంటే బొమ్మ 5 రెట్లు పెరుగుతుంది. డిటెక్టర్ సొంత స్పష్టత 3.5 మి.మీ. అనుకుంటే, 1 మి.మీ. బెజ్జంతో సుమారు 1.4 మి.మీ. వివరం కనిపిస్తుంది. బెజ్జాన్ని సగానికి తగ్గిస్తే అది 0.9 మి.మీ. అవుతుంది. కానీ లోపలికి వచ్చే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి: 14,400లో ఒకటి కాస్తా 57,600లో ఒకటి.

అరమిల్లీమీటరు బెజ్జాలు తొమ్మిది పెడితే? దాదాపు 6,400లో ఒకటి వస్తుంది. ఒక్క పెద్ద బెజ్జం కన్నా స్పష్టతా ఎక్కువే, కిరణాలూ రెండింతలకు పైనే. అయితే తొమ్మిది బొమ్మలు డిటెక్టర్ మీద ఒకదానిపై ఒకటి పడితే, ఏ కిరణం ఏ బెజ్జంలోంచి వచ్చిందో తేల్చడం కష్టం. పైగా బెజ్జం పలుచని అంచులను చీల్చుకుని కొన్ని కిరణాలు వచ్చేస్తాయి. అందుకే అక్కడ టంగ్‌స్టన్ లేదా బంగారం వాడతారు.

కాబట్టి ఏ నమూనా మేలో కాగితం మీద తేలదు. ముందు కంప్యూటర్‌లో కిరణాల ప్రయాణాన్ని అనుకరిస్తారు. తర్వాత సన్నని గొట్టాల్లో రేడియోధార్మిక ద్రవం నింపిన ఫాంటమ్‌ను స్కాన్ చేసి, ఎంత సన్నని గొట్టాలు విడివిడిగా కనిపిస్తున్నాయో చూస్తారు. పోలిక న్యాయంగా ఉండాలంటే మోతాదు, సమయం ఒకటే ఉండాలి.

ఈ శ్రమ ఎందుకు? మందు ఏ రోజు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కో దశలో కొన్ని ఎలుకలను చంపి అవయవాలు కొలిచే బదులు, ఒకే ఎలుకను మళ్లీ మళ్లీ స్కాన్ చేయవచ్చు.

హాడో లాంటి చోట ఇంకో లెక్క కూడా ఉంది. విశాఖ నుంచి ఓడ ప్రయాణం సుమారు 60 గంటలనుకుందాం. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలు కాబట్టి, రేవు చేరేసరికి మిగిలేది దాదాపు వెయ్యో వంతు. అందుకే దూరప్రాంతాలకు 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99ను జనరేటర్‌గా పంపి, అక్కడే టెక్నీషియం తీసుకుంటారు. తీసిన క్షణం నుంచి మళ్లీ గడియారం మొదలు. పై లెక్కలోని తొమ్మిది బెజ్జాలు, ఒక్క పెద్ద బెజ్జంతో పోలిస్తే, ఏడు గంటలు ఆలస్యమైన మందుతోనూ అన్నే కిరణాలను పట్టగలవు.