ఆ కత్తి యువరాజుదేనా? చిక్కుముడి విప్పిన చేతిరాత

ఇండోనేషియా జాతీయ వీరుడు, జావా యువరాజు దిపోనెగోరో కత్తి 2020 మార్చిలో నెదర్లాండ్స్ నుంచి స్వదేశానికి చేరింది. అది ఏళ్ల తరబడి లైడెన్ నగరంలోని మ్యూజియంలోనే ఉంది. కానీ అక్కడున్న కత్తుల్లో ఆయనది ఏదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

అసలేం జరిగిందంటే.. డచ్ పాలకులపై 1825 నుంచి 1830 వరకు దిపోనెగోరో యుద్ధం చేశారు. ఆయన కత్తి డచ్ కల్నల్ క్లీరెన్స్ చేతికొచ్చింది. 1831లో అది రాజు మొదటి విలియంకు కానుకగా వెళ్లింది. 1883లో రాజుగారి వస్తు సంగ్రహాన్ని విడదీయడంతో లైడెన్‌కు చేరింది. ఈ క్రమంలో ఏ కత్తి ఎవరిదన్న ఆధారం తెగిపోయింది.

మరి కత్తిని చూసి చెప్పలేరా? ఈ రకం కత్తిని 'క్రిస్' అంటారు. ఇనుము, నికెల్ ఉన్న లోహాన్ని పొరలుగా పేర్చి, కాల్చి, సుత్తితో కొట్టి అతుకుతారు. తర్వాత నిమ్మరసం, పాషాణం పట్టిస్తే ఇనుము నల్లబడి, నికెల్ పొర వెండిలా మెరుస్తుంది. ఆ గీతలే 'పామోర్'. దాన్నిబట్టి పనితనం తెలుస్తుంది కానీ యజమాని పేరు తెలియదు.

చివరకు దారి చూపింది చేతిరాతే! దిపోనెగోరో సేనాని సెంతోత్ ఆ కత్తి పేరు 'నోగో సిలుమాన్' అని రాసిపెట్టారు. నోగో అంటే మన 'నాగ' అన్న మాటే. చిత్రకారుడు రాదెన్ సాలే ఆ పేరును వివరించారు. కత్తిపై పాము ఆకారం, బంగారు పూత ఆనవాళ్లు దానికి సరిపోయాయి.

అయినా ఇది అసలుదేనా అని ఇండోనేషియాలో కొందరు నిపుణులు ప్రశ్నించారు. ఆధారం తెగితే అతకడం అంత కష్టం మరి!