1టీబీకి 931జీబీ అంటే ఓకే.. 3టీబీ డిస్క్ 746జీబీ చూపిస్తే మాత్రం ఫార్మాట్ కొట్టకండి!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఏ ఊళ్లో అయినా పెద్ద హార్డ్ డిస్క్‌లు చూడాలంటే ఫోటో స్టూడియోకి వెళ్లాలి. 100ఎంబీపీఎస్‌లో 4కే రికార్డ్ చేస్తే గంటకి 45జీబీ అయిపోతుంది మరి. అలాంటి డిస్క్ ఉన్నట్టుండి సైజు తక్కువ చూపిస్తే, లోపల ఉన్నది ఎవరిదో పెళ్లి. మళ్లీ షూట్ చేయలేం కదా!

ముందు భయపడక్కర్లేని సంగతి. 1టీబీ కొంటే విండోస్ 931జీబీ అంటుంది, 2టీబీ కొంటే 1.81టీబీ. కంపెనీ 1000తో లెక్కిస్తే, విండోస్ 1024తో లెక్కిస్తుంది. మన దగ్గర ఎకరం అంటే 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. భూమి అంతే కదా, ఇదీ అంతే. మ్యాక్‌లో 2009 నుంచి 1000 లెక్కే కాబట్టి అక్కడ 1టీబీ అలాగే కనిపిస్తుంది.

అసలు డేంజర్ 746 నంబర్‌తోనే. పాత యూఎస్‌బీ డాక్‌లు, అడాప్టర్లు కొన్ని సెక్టార్లని 32 బిట్లలోనే లెక్కపెడతాయి. 512 బైట్ల సెక్టార్లతో అది 2048జీబీ దాకానే వస్తుంది. తర్వాత పాత స్కూటర్ మీటర్‌లాగా మళ్లీ సున్నా నుంచి మొదలు. 3టీబీ అంటే విండోస్ లెక్కలో 2794జీబీ, అందులో 2048 పోతే మిగిలేది 746! 4టీబీ డిస్క్ అయితే ఇలాగే 1.64టీబీ దగ్గర ఆగుతుంది. డేటా ఎక్కడికీ పోలేదు, డాక్‌కి కనిపించట్లేదు అంతే. కానీ ఆ టైమ్‌లో విండోస్ "ఇనిషియలైజ్ చేయాలా? ఫార్మాట్ చేయాలా?" అని అడగొచ్చు. ఓకే కొట్టారో, అప్పుడు నిజంగా పోతుంది. క్యాన్సిల్ చేసి, డిస్క్ తీసి డెస్క్‌టాప్‌లో నేరుగా శాటా కేబుల్‌కి పెట్టి చూడండి.

ఒక్క మెలిక ఉంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ డబ్బాలోంచి తీసిన డిస్క్ అయితే నేరుగా పెట్టినా "రా" అని రావచ్చు. కొన్ని డబ్బాల్లోని బోర్డు సెక్టార్ సైజునే మార్చి చూపిస్తుంది. అలాంటప్పుడు అదే డబ్బాలో తిరిగి పెట్టండి.

స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే 2048జీబీ ఒక ముక్క, 746జీబీ "అన్‌అలొకేటెడ్" అని ఇంకో ముక్క కనిపిస్తోందా? అది వేరే కేసు, డిస్క్‌ని ఎంబీఆర్ పద్ధతిలో సెట్ చేశారు. డిస్క్ ఖాళీదైతే పార్టిషన్లు తీసేసి జీపీటీకి మార్చండి, రెండు నిమిషాల పని. డేటా ఉంటే ముందు వేరే డిస్క్‌లోకి కాపీ, తర్వాతే మార్పు.

సీ డ్రైవ్‌లో స్పేస్ మాయమైతే అది హార్డ్‌వేర్ గోల కాదు. హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు చూసుకోండి చాలు.

ఇక ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి అమ్మే "16టీబీ" ఎస్‌ఎస్‌డీల సంగతి పూర్తిగా రివర్స్. సైజు ఫుల్‌గానే చూపిస్తాయి, కాపీ చేసిన వీడియోలే తెరుచుకోవు. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ టూల్ డ్రైవ్ మొత్తం రాసి, తిరిగి చదివి నిజం సైజు చెప్తుంది. కొత్త డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే ఈ టెస్ట్ పెట్టండి, రిటర్న్ గడువు దాటకముందే.