రైలుబాట దీపములు

నంద్యాల జిల్లాలోని వెలుగోడు గాలేరునదిపై నిర్మింపబడిన జలాశయమునకు పేరు గాంచిన ఊరు. అచటికి తెలుగుగంగ నీరు వచ్చును గాని రైలుబాట లేదు. రైలెక్కదలచినవారు నంద్యాలకు పోవుదురు. నల్లమల అడవులను దాటి వచ్చు గుంటూరు–గుంతకల్లు మార్గమును, 2016లో ప్రారంభమైన ఎఱ్ఱగుంట్ల మార్గమును నంద్యాలలో కలియుచున్నవి. అచట ప్లాట్‌ఫారముపై నిలిచిన బాలుడు ఒక వింతను చూడగలడు. దూరమున స్తంభముపై ఆకుపచ్చగా వెలుగు దీపము, ఇంజను దానిని దాటగానే ఎఱ్ఱగా మాఱును. స్తంభము చెంత మనుష్యుడెవ్వడును లేడు. మఱి దానిని మార్చినదెవరు?

రైలే మార్చినది. అది యెట్లో తెలిసికొనుటకు ముందు దీపముల అవసరమును గ్రహింపవలెను. వేగముగా పోవు రైలు బ్రేకు వేసిన వెంటనే ఆగదు. ఒక్కొక్కప్పుడు కిలోమీటరు దూరము సాగిపోవును. కావున ముందున్న రైలు కంటబడిన పిమ్మట బ్రేకు వేసిన ప్రయోజనముండదు. డ్రైవరునకు ముందుగానే తెలియజెప్పునది సిగ్నలు. ఎఱుపు ‘ఆగుము’ అనును. పసుపు ‘తరువాతి సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధపడుము’ అనును. ఆకుపచ్చ ‘పొమ్ము’ అనును.

రైలు తన ఉనికిని తానే తెలుపునట్లు చేయవచ్చునని విలియం రాబిన్సన్ అను అమెరికా దేశీయుడు తలచెను. ఆయన తన యూహను మొదట చిన్న నమూనా రైలుబాటపై పరీక్షించి, 1870లో న్యూయార్కు ప్రదర్శనలో దానిని చూపెను. రైలు వచ్చినప్పుడు విద్యుత్తు ప్రవహించి అపాయసూచన కలుగునట్లు ఆ యేర్పాటుండెను. నమూనా చక్కగా పనిచేసినది. కాని అందొక లోపము దాగియుండెను. తీగ తెగినను, బ్యాటరీ నీరసించినను రైలు వచ్చిన సంగతి తెలియదు. సిగ్నలు ‘పొమ్ము’ అనియే చెప్పుచుండును.

రాబిన్సన్ ఆ లోపమును గుర్తించి యేర్పాటును తలక్రిందులు చేసెను. బాట ఖాళీగా నున్నంతసేపు పట్టాలలో విద్యుత్తు ప్రవహించుచుండవలెను. అది ఆగినచో అపాయమని భావింపవలెను. ఈ పద్ధతికి 1872లో పేటెంటు లభించినది. నేటికిని లోకమందలి అనేక రైలుమార్గములలో ఈ సూత్రమే నడచుచున్నది.

దీనిని విద్యార్థులు బల్లపై నిర్మించి చూడవచ్చును. కొయ్యపలకపై రెండు లోహపు పట్టాలను ఒకదానికొకటి తగులకుండ బిగింపవలెను. ఒక చివర చిన్న బ్యాటరీని రెండు పట్టాలకును కలుపవలెను. చక్రములు పట్టాలను కలిపినప్పుడు బ్యాటరీ వేడెక్కకుండ ఆ తీగలో ఒక నిరోధమును చేర్చుట అవసరము. రెండవ చివర రిలేను కలుపవలెను. రిలే యనగా తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినంతసేపు అయస్కాంతమై చిన్న ఇనుపరేకును లాగి పట్టుకొను సాధనము. రేకు లాగబడినప్పుడు ఆకుపచ్చ దీపమునకును, విడువబడినప్పుడు ఎఱ్ఱదీపమునకును వేఱొక బ్యాటరీనుండి విద్యుత్తు అందునట్లు తీగలు కలుపవలెను. చిన్న ఎల్.ఇ.డి. దీపములను 12 వోల్టుల బ్యాటరీకి కలిపినచో ఒక్కొక్క దానికి సుమారు 1,000 ఓముల నిరోధము చాలును.

బాట ఖాళీగా నున్నప్పుడు ఆకుపచ్చ దీపము వెలుగును. లోహపు చక్రములును ఇరుసును గల బండిని పట్టాలపై నుంచగానే విద్యుత్తు ఇరుసుగుండ దగ్గఱి దారిన తిరిగిపోవును. రిలేకు తగినంత అందదు; రేకు విడువబడును; ఎఱ్ఱదీపము వెలుగును. ఇపుడు బండిని తీసివేసి, పట్టాలకు పోవు తీగనొకదానిని ఊడదీయవలెను. బండి లేకున్నను ఎఱ్ఱదీపమే వెలుగును. పాఠమంతయు ఈ పరీక్షలోనే యున్నది. తీగ తెగినను, బ్యాటరీ నీరసించినను రైలు ఆగునే గాని ముందునకు పోదు. చేతివలె పలకనెత్తు పాత సిగ్నళ్లలోను లాగుతీగ తెగినచో పలక బరువుచే మరల ‘ఆగుము’ స్థితికే వచ్చెడిది.

ఇంత జాగ్రత్తగల యేర్పాటును సైతము మనుష్యుని అజాగ్రత్త చెఱుపగలదు. లండనులోని క్లాఫం కూడలియొద్ద కొత్త తీగలు అమర్చునప్పుడు పాతతీగ నొకదానిని పూర్తిగా తొలగింపలేదు. దాని కొన తగులరానిచోట తగిలి, రైలున్నప్పుడును రిలేకు విద్యుత్తు అందించినది. ఎఱుపు కావలసిన దీపము ఎఱుపు కాలేదు. 1988 డిసెంబరు 12న రైళ్లు ఢీకొని 35 మంది మరణించిరి. ఆ పనివాడు 13 వారములలో ఒక్కదినము మాత్రమే విశ్రాంతి పొందెనని విచారణలో తేలినది. అతని పనిని మఱియొకరు సరిచూడలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజారువద్ద మన దక్షిణాదికి వచ్చు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదమునకు లోనయి 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సిగ్నలు తీగల మార్పులో జరిగిన లోపములే కారణమని రైల్వే భద్రతాధికారి విచారణ తెలిపినది.

కావుననే ఈ విద్యకు ప్రత్యేక శిక్షణ అవసరమైనది. సికిందరాబాదులో 1957లో స్థాపింపబడిన భారతీయ రైల్వేల సిగ్నలు, టెలికమ్యూనికేషన్ల శిక్షణసంస్థ దేశమంతటినుండి వచ్చు ఉద్యోగులకు ఈ పని నేర్పుచున్నది. ప్రతి తీగకును గుర్తు వేయుట, పాతతీగను మిగుల్పక తీసివేయుట, ఒకరు చేసిన పనిని మఱియొకరు పరీక్షించుట ఈ పనిలో తప్పనిసరి.

బల్లపై నమూనాను నిర్మించు విద్యార్థియు ఈ నియమములనే పాటింపవలెను. దీపము వెలిగినంతనే పని ముగిసినదని తలపక, పట్టాలకు పోవు తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి చూచి, ప్రతిసారియు ఎఱ్ఱదీపమే వెలుగునట్లు సరిచేయవలెను. అట్టి పరీక్షకు నిలిచిన దీపమును నమ్మియే నంద్యాలనుండి బయలుదేఱిన డ్రైవరు చీకటిలో నల్లమల వైపు సాగిపోవుచున్నాడు. అతనిని నమ్మి ప్రయాణికులు వెనుక నిదురించుచున్నారు.