ఆరే రంగు, కలిసే రంగు: ఆక్రిలిక్ చిత్రలేఖనంలోని రసాయన శాస్త్రం

చిత్రలేఖనం నేర్చుకోవాలన్న ఉత్సాహంతో దుకాణానికి వెళ్ళేవారికి అమెరికాలో సాధారణంగా మొదట చేతికందేవి ఆక్రిలిక్ రంగులు. ఘాటైన వాసన ఉండదు, నీటితో కలుస్తాయి, సబ్బునీటితో కుంచె శుభ్రపడుతుంది, త్వరగా ఆరుతాయి. పిల్లలున్న ఇంటికి ఇంతకంటె అనువైన రంగులు లేవనిపిస్తుంది. కాని చాలామంది మొదటి చిత్రంగా ఎన్నుకొనే సంధ్యాకాశంతోనే చిక్కు మొదలవుతుంది. నీలం నుండి గులాబికి, గులాబి నుండి పసుపునకు ఆకాశం క్రమంగా మారాలి. కాన్వాసు మీద మాత్రం రంగులు చీర అంచుల వలె చారలు చారలుగా నిలిచిపోతాయి. సరిచేయబోతే సగం ఆరిన రంగు ఊడివచ్చి అడుగునున్న తెలుపు బయటపడుతుంది. ఇంకొంచెం రుద్దితే మడ్డి వర్ణం మిగులుతుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగిన తరువాత, తమకు చిత్రకళ అబ్బదని నిశ్చయించుకొని రంగుల పెట్టెను అటకెక్కించేవారు పెద్దలలోనూ ఉన్నారు, పిల్లలలోనూ ఉన్నారు.

నిజానికి ఇందులో చేతి లోపం కంటె పదార్థ స్వభావమే ఎక్కువ. ఆక్రిలిక్ రంగు ఆరే తీరు తెలిస్తే దానిని నునుపుగా కలపడం ఎవరికైనా సాధ్యమే. ఆ స్వభావాన్ని వివరించి, దానికి తగిన పద్ధతులను సూచించడం ఈ వ్యాసోద్దేశం.

మూడు రంగులు, మూడు స్వభావాలు

ఏ చిత్రకారుని రంగులోనైనా రెండు ముఖ్యాంశాలుంటాయి. వర్ణాన్నిచ్చే పొడి మొదటిది. దీనిని వర్ణద్రవ్యం అంటారు. ఆ పొడిని పట్టుకొని కాగితానికో గుడ్డకో అంటించే బంధకం రెండవది. ఒకే నీలి వర్ణద్రవ్యాన్ని మూడు రకాల రంగులలోనూ వాడవచ్చు. తేడా అంతా బంధకంలోనే ఉంటుంది.

బడిలో వాడిన నీటి రంగుల బిళ్ళలలో బంధకం తుమ్మజాతి చెట్ల బంక. ఆరిన తరువాత కూడా తడి కుంచె తగిలితే అది మళ్ళీ కరుగుతుంది. నిన్న వేసిన అంచును ఈనాడు మెత్తబరచవచ్చు. తైలవర్ణాలలో బంధకం అవిసె నూనె. అది నీటివలె ఆవిరి కాదు; గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, కొన్ని రోజులపాటు నెమ్మదిగా గట్టిపడుతుంది. కనుక తైలవర్ణ చిత్రకారుడు ఉదయం వేసిన ఆకాశాన్ని సాయంకాలం వరకు దిద్దుకోగలడు.

ఆక్రిలిక్ రంగుకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. పలుచని పొర కొద్ది నిమిషాలలోనే ఆరుతుంది. ఆరిన తరువాత నీటికి కరగదు. నీటి రంగుల అలవాటుతోనో, తైలవర్ణాల పాఠాలు చదివో దీనిని వాడబోయేవారు భంగపడడానికి కారణమిదే.

గోడల నుండి కాన్వాసుకు

ఈ త్వరితగతి యాదృచ్ఛికం కాదు. జర్మన్ రసాయనవేత్త ఆటో రోమ్ 1901లో ఆక్రిలిక్ పదార్థాలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. 1907లో ఆటో హాస్‌తో కలిసి ఆయన స్థాపించిన రోమ్ అండ్ హాస్ సంస్థ 1909లో ఫిలడెల్ఫియాకు విస్తరించింది. 1930లలో ఆక్రిలిక్ గాజు, అనగా ప్లెక్సిగ్లాస్, వెలువడింది. 1953లో ఆ సంస్థ ఇళ్ళ గోడల రంగుల కోసం రోప్లెక్స్ ఏ.సి.-33 అనే ఆక్రిలిక్ ఎమల్షన్‌ను విపణిలో ప్రవేశపెట్టింది. ఆ పరిశోధనను అమెరికన్ కెమికల్ సొసైటీ 2008లో జాతీయ చారిత్రక రసాయన ఘట్టంగా గుర్తించింది.

చిత్రకారుల రంగులలో తొలి ఆక్రిలిక్ 1940ల చివర న్యూయార్కులో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్‌లు తయారుచేసిన మాగ్నా. కాని అది నీటిలో కాక టర్పెంటైన్ వంటి ద్రావకాలలో కలిసేది. నీటితో కలిసే రంగును సిన్సినాటీకి చెందిన హెన్రీ లెవిసన్ 1955లో లిక్విటెక్స్ పేరుతో తెచ్చాడు. గోడలకు రంగు వేసేవారికి ఉదయం ఒక పూత, మధ్యాహ్నం మరొక పూత పూర్తికావడం వరం. ఆకాశాన్ని చిత్రించేవారికి అదే గుణం శాపమయింది.

పాల వంటి ద్రవం, లడ్డు వంటి పొర

ఆక్రిలిక్ బంధకాన్ని వర్ణద్రవ్యం కలపకముందు చూస్తే అది అచ్చం పాల వలె ఉంటుంది. పాలలో కొవ్వు కణాలు నీటిలో తేలియాడుతున్నట్లే, ఇందులో ప్లాస్టిక్ కణాలు తేలియాడుతుంటాయి. ఒక్కొక్క కణం వ్యాసం సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఈ కణాలు ఒకదానికొకటి అతుక్కొనకుండా సబ్బు వంటి పదార్థాలు వాటిని వేరుచేసి ఉంచుతాయి.

కాన్వాసు మీద పూయగానే నీరు ఆవిరి కావడం, గుడ్డలోనికి ఇంకడం మొదలవుతుంది. నీరు తగ్గినకొద్దీ కణాలు దగ్గరకు చేరుతాయి, ఒరుసుకుంటాయి, చివరకు ఒకదానిలో ఒకటి కలిసి ఏకమైన పొరగా మారతాయి. బూందీ లడ్డు కట్టడాన్ని దీనికి ఉపమానంగా చెప్పవచ్చు. పాకం పట్టిన బూందీ వెచ్చగా, మెత్తగా ఉన్నపుడు అదిమితే ఉండ కడుతుంది. చల్లబడి గట్టిపడిన బూందీని ఎంత అదిమినా పొడిపొడిగా రాలిపోతుంది. ఆక్రిలిక్ కణాలకు కూడా ఆ మెత్తదనం కావాలి. అందుకే కఠినమైన ప్లెక్సిగ్లాస్ పదార్థానికి మెత్తని ఆక్రిలిక్ రకాలను జోడించి ఈ కణాలను తయారుచేస్తారు. లడ్డూకూ దీనికీ ఒక భేదముంది. లడ్డూను చిదిపితే మళ్ళీ బూందీ వస్తుంది. ఏకమైన ఆక్రిలిక్ పొర మాత్రం నీటితో తడిపినా మళ్ళీ కణాలుగా విడిపోదు.

పాలు తెల్లగా కనబడడానికి కణాలు కాంతిని వెదజల్లడమే కారణం. తడి ఆక్రిలిక్‌లోనూ అదే జరుగుతుంది. పొర ఏకమైన తరువాత ఆ తెలుపు మాయమవుతుంది. అందుచేతనే తడిగా ఉన్నపుడు లేతగా కనిపించిన రంగు ఆరిన తరువాత కొంత ముదురుగా మారుతుంది. కనుక నిన్నటి ఆకాశానికి ఈనాడు రంగు జతచేయదలచినవారు, కలిపిన రంగును ఒక కాగితపు ముక్క మీద పూసి, ఆరిన తరువాతనే పోల్చి చూడాలి.

అట్టు చిరగకముందే

పెనం మీద పోసిన అట్ల పిండిని వెంటనే గరిటెతో తిప్పితే పలుచగా, గుండ్రంగా పరచుకొంటుంది. పిండి గట్టిపడుతుండగా గరిటె ఆడిస్తే అట్టు చిరిగిపోతుంది. ఆక్రిలిక్ రంగుతో కలిగే కష్టం సరిగ్గా ఇదే. తడిగా ఉన్నంతసేపు కుంచె మాట వింటుంది. పూర్తిగా ఆరిన తరువాత కుంచె దానికి హాని చేయదు. మధ్యనున్న జిగురు దశలో ముట్టుకుంటేనే పొర చిరుగుతుంది. కుంచె పట్టినట్లు లాగుతోందంటే ఆ దశ వచ్చిందని గ్రహించి ఆపివేయాలి. అభ్యాసకులు నేర్వవలసిన మొదటి విద్య ఈ ఆపడమే.

తడి ఎంతసేపు నిలుస్తుందన్నది ఇంటి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. వానకాలపు కాకినాడలో గాలి నిండా తేమ ఉంటుంది కనుక రంగు నిదానంగా ఆరుతుంది. మిషిగన్‌లోనో మినెసోటాలోనో శీతకాలంలో ఇంటిని వెచ్చచేసే యంత్రం నడుస్తుంటే గదిలో తేమ బాగా పడిపోయి, అదే రంగు చూస్తుండగానే ఆరిపోతుంది. వేడిగాలి వచ్చే రంధ్రం దగ్గరగాని, పంకా కిందగాని కాన్వాసును ఉంచరాదు.

గుడ్డను సిద్ధపరచడం

పూసిన రంగును పీల్చుకొనే గుడ్డ మీద కుంచె ఎంత నేర్పరిదైనా ప్రయోజనం లేదు. ఈ సంగతి శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు తరతరాలుగా తెలుసు. కలంతో గీసిన గీత పక్కలకు పాకకుండా వారు ముందుగా నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. కాన్వాసు విషయంలో ఈ పని చేసేది జెస్సో అనే తెల్లని పూత. దుకాణంలో కొన్న కాన్వాసుకు ఈ పూత ఉన్నా, మరి రెండు పలుచని పూతలు వేసి, ఒక్కొక్కటి ఆరిన తరువాత సన్నని ఉప్పుకాగితంతో మృదువుగా రుద్దితే నేత గరుకు తగ్గుతుంది. జెస్సోకు కొంత పీల్చే గుణం ఉంటుంది. కనుక ఆకాశం వంటి విశాల భాగాలలో దానిపై పారదర్శకమైన ఆక్రిలిక్ మాధ్యమాన్ని ఒక పూత వేసి ఆరనిస్తే, తరువాత వేసే రంగులోని నీరు త్వరగా ఇంకిపోదు.

కలిపే క్రమం

మొదట రంగుల ఎంపిక. నీలం, నారింజ నేరుగా కలిస్తే బూడిద వర్ణం వస్తుంది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. సంధ్యాకాశంలో ఈ రెండూ అక్కరలేదు. నీలానికీ పసుపునకూ నడుమ తెలుపు ఎక్కువగా కలిపిన లేత గులాబిని వంతెనగా ఉంచాలి.

రెండవది, మధ్య ఛాయలను కాన్వాసు మీద కాక ముందే పళ్ళెంలో కలిపి ఉంచుకోవడం. నీలానికీ లేత గులాబికీ మధ్య మూడు ఛాయలు సిద్ధంగా ఉంటే కుంచెకు మిగిలే పని స్వల్పం. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి పరచి, దానిపై వంటకు వాడే పార్చ్‌మెంటు కాగితం వేసి, రంగులను ఆ కాగితం మీద ఉంచితే అవి గంటల తరబడి ఆరవు.

మూడవది, కాన్వాసును తడి చేయడం. తుంపర సీసాతో నీటిని సన్నగా చల్లాలి. నీరు కారేటంత కాదు. ఛాయలను పట్టీలుగా, ఒకదాని అంచు మరొకదానిని తాకేటట్లు త్వరత్వరగా వేయాలి. తరువాత వెడల్పైన, మెత్తని, కొద్దిగా చెమ్మగల మరొక కుంచెతో ఆ అంచుల మీదుగా ఇటూ అటూ తేలికగా తుడవాలి. ప్రతి రెండు మూడు తుడుపులకు కుంచెను గుడ్డకు ఒత్తి శుభ్రపరచాలి. లేకపోతే నీలం పసుపులోనికి ప్రయాణిస్తుంది. ఒక మూర వెడల్పు ఆకాశాన్ని ఒకేసారి చేయబూనక, చిన్న కాన్వాసుతో ప్రారంభించడం మేలు.

ఇంకా వ్యవధి కావలసినవారికి రిటార్డర్ అనే ద్రవం దొరుకుతుంది. నీటిని పట్టి ఉంచే గ్లైకాల్ వంటి పదార్థాలు ఇందులో ఉంటాయి. ఆరేడు భాగాల రంగుకు ఒక భాగం మించి కలిపితే పొర చాలాకాలం జిగటగానే మిగులుతుంది. సీసా మీది పరిమితిని పాటించాలి. శామ్ గోల్డెన్ 1980లో న్యూయార్కు రాష్ట్రంలోని న్యూ బెర్లిన్‌లో ప్రారంభించిన సంస్థ 2008లో ఓపెన్ అనే నిదానంగా ఆరే ఆక్రిలిక్‌లను తెచ్చింది. రంగును పలుచన చేయడానికి నీటినే అతిగా వాడితే బంధకం చాలక పొర బలహీనమవుతుంది. ఆక్రిలిక్ మాధ్యమం కలపడం ఉత్తమం.

పొరల మీద పొర

ఇంత చేసినా చార మిగిలితే చింతించనక్కరలేదు. ఆరిన ఆక్రిలిక్ కరగకపోవడం ఇక్కడ వరమవుతుంది. పొర పూర్తిగా ఆరిన తరువాత, మాధ్యమంలో కొద్దిపాటి రంగు కలిపి, అద్దం వంటి పలుచని పొరను చార మీదుగా వేసి, అంచులను చెమ్మ కుంచెతో మాయం చేయవచ్చు. అడుగు పొర చెక్కుచెదరదు. ఇటువంటి నాలుగైదు పొరలు పడేసరికి కన్ను చారను పట్టుకోలేదు. నీటి రంగులలో ఇన్నిసార్లు దిద్దితే అడుగు కరుగుతుంది; తైలవర్ణాలలో ఒక్కొక్క పొరకు రోజుల తరబడి వేచి ఉండాలి. ఆక్రిలిక్‌తో ఒక్క సాయంత్రం చాలు.

జాగ్రత్తలు

సంక్రాంతి ఉత్సవాల రంగస్థల తెరలను జనవరి మాసంలో గరాజులో చిత్రించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చలిలో కణాలు చల్లబడిన బూందీ వలె గట్టిపడి ఏకం కావు. ఉష్ణోగ్రత 49 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా సుమారు 9 డిగ్రీల సెంటిగ్రేడు, కంటె తగ్గితే నీరు ఆవిరైనా పొర ఏర్పడదు. తెర చుట్టేసరికి రంగు పగిలి రాలవచ్చు. వారాల శ్రమ వేదిక ఎక్కకముందే వ్యర్థమవుతుంది. తెరను ఇంటిలోపలనే వేసి, కొన్ని రోజులు వెచ్చగా ఆరనివ్వాలి.

పిల్లల రంగుల మీద ‘ఏపీ’ ముద్ర ఉన్నదో లేదో చూడాలి. ఇది మన రాష్ట్రం పేరు కాదు. విషపదార్థాలు హానికర మోతాదులో లేవని పరీక్షించి ఇచ్చే ముద్ర. దీర్ఘకాలిక హాని చేయగల కళాసామగ్రిపై హెచ్చరిక ముద్రించాలని అమెరికాలో 1988లో చట్టమయింది. కాడ్మియం ఉన్న రంగులను పిల్లలకు ఇవ్వరాదు. ఎండిన పొరను రుద్ది ధూళి చేయరాదు. కుంచెలను కడిగేముందు కాగితంతో తుడవాలి. రంగునీటిని తూములో పోస్తే అందులోని ప్లాస్టిక్ కణాలు గొట్టాలలోనూ, ఆపై జలాశయాలలోనూ చేరతాయి.

ఇంటిలో ఒక ప్రయోగం

పిల్లలు, పెద్దలు కలిసి చేయదగిన చిన్న ప్రయోగం ఒకటున్నది. ఒక పాత కాన్వాసు మీద ఒకే రంగుతో ఎనిమిది చిన్న చదరాలు ఒకేసారి పూయాలి. రెండు నిమిషాలకు ఒక చదరం చొప్పున, ఒక్కొక్కదాని మీదుగా చెమ్మ కుంచెను లాగి, రంగు జారిందా, చిరిగిందా, కదలలేదా అని పక్కనే రాయాలి. గది ఉష్ణోగ్రత, వీలైతే తేమ శాతం కూడా గుర్తుపెట్టుకోవాలి. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి చేస్తే రెండు పట్టికల తేడా కళ్ళకు కడుతుంది. తమ ఇంటిలో, తమ రంగుతో, కుంచెకు దొరికే వ్యవధి ఎన్ని నిమిషాలో ఆ పట్టికే చెబుతుంది. తరువాత మొదలుపెట్టే ఆకాశాన్ని ఆ వ్యవధికి తగిన కొలతతో ఎన్నుకొంటే, అటకెక్కిన రంగుల పెట్టెను మళ్ళీ దించవచ్చు.