మీకు తెలుసా? ఆర్చీ బంకర్‌కి పడిన ముద్దు

1971 జనవరి 12 రాత్రి అమెరికాలో సీబీఎస్ చానెల్ ఒక కొత్త కామెడీ సీరియల్ మొదలుపెడుతూ ముందుగా తెరమీద ఒక గమనిక వేసింది. మన బలహీనతల్ని, దురభిమానాల్ని నవ్వులాటగా చూపించబోతున్నామని దాని సారాంశం. జనం ఏమంటారోనని చానెల్‌కి అంత భయం! ఆ సీరియల్ ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’. తర్వాత వరసగా అయిదు సీజన్లు అమెరికా మొత్తమ్మీద అదే నంబర్ వన్.

కథానాయకుడు ఆర్చీ బంకర్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే తెల్లజాతి కార్మికుడు. నల్లవాళ్లను, యూదులను, వలస వచ్చినవాళ్లను ఎవర్నీ వదలడు, నోటికొచ్చినట్టు అనేస్తాడు. నిర్మాత నార్మన్ లియర్ ఈ పాత్రకు చాలా లక్షణాలు తన కన్నతండ్రి నుంచే తీసుకున్నాడు. అందుకేనేమో, ఆర్చీ రాక్షసుడిలా ఉండడు. మన చుట్టాల్లో ఒకడిలా ఉంటాడు. నాకు ఆ సీరియల్ గొప్పతనం అక్కడే కనిపిస్తుంది.

1972లో వచ్చిన ఒక ఎపిసోడ్ చూడండి. ఆర్చీ నడిపిన టాక్సీలో ప్రఖ్యాత నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్ తన బ్రీఫ్‌కేస్ మరిచిపోతాడు. దానికోసం ఆర్చీ ఇంటికే వస్తాడు. అంత పెద్ద స్టార్ ఇంటికొచ్చాడని ఆర్చీకి ఒకటే సంబరం, కానీ బుద్ధి ఎక్కడికి పోతుంది? నల్లవాడిగా పుట్టడం మీ చేతుల్లో లేదు సరే, యూదుమతంలోకి ఎందుకు మారారని నిలదీస్తాడు. శామీ కోప్పడడు. వెళ్లబోయే ముందు ఇద్దరూ ఫొటోకి నిలబడతారు. సరిగ్గా కెమెరా క్లిక్‌మనే క్షణంలో శామీ ఆర్చీ చెంపమీద ముద్దు పెడతాడు! ఆర్చీ కళ్లు తేలేస్తాడు, స్టూడియోలోని ప్రేక్షకులు ఎంతసేపటికీ నవ్వు ఆపరు. ఒక్క ఉపన్యాసం లేకుండా ఆర్చీ నోరు మూతపడింది.

మరి చూసినవాళ్లందరూ ఆర్చీని చూసే నవ్వారా? లేదు. 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే పరిశోధకులు ఆరా తీస్తే, జాతి దురభిమానం ఎక్కువగా ఉన్నవాళ్లు ఆర్చీని మెచ్చుకుంటున్నారని, వాదనల్లో అతనే గెలుస్తున్నాడని అనుకుంటున్నారని తేలింది. హాస్యానికున్న ఈ ప్రమాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఆర్చీ పక్కింటి నల్లజాతి కుటుంబానికి 1975లో ‘ద జెఫర్సన్స్’ పేరుతో సొంత సీరియల్ వచ్చింది, 1985 దాకా నడిచింది. అందులో టామ్, హెలెన్ విల్లిస్ భార్యాభర్తలు. అతను తెల్లవాడు, ఆమె నల్లజాతి స్త్రీ. ఇలాంటి పెళ్లిళ్లను నిషేధించే రాష్ట్ర చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది 1967లోనే. అంటే ఈ సీరియల్ మొదలయ్యేనాటికి ఆ తీర్పుకి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. హెలెన్‌గా వేసిన రాక్సీ రోకర్ భర్త నిజజీవితంలోనూ తెల్లవాడే. రాక్ గాయకుడు లెనీ క్రావిట్జ్ వాళ్లబ్బాయే.

ఆర్చీ ఉన్న క్వీన్స్‌లోనే పుట్టి పెరిగాడు మన తెలుగువాళ్లబ్బాయి, కమెడియన్ హరి కొండబోలు. ‘ద సింప్సన్స్’ కార్టూన్ సీరియల్‌లో అపూ అనే భారతీయ దుకాణదారుడి యాసను అడ్డం పెట్టుకుని బడిపిల్లలు తనలాంటివాళ్లను ఎలా ఏడిపించారో 2017లో ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీలో చూపించాడు. అపూకి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. ఆర్చీకి ఎదురుచెప్పడానికి శామీ ఉన్నాడు, అల్లుడు మైక్ ఉన్నాడు. అపూ యాసకు నవ్వుతున్నవాళ్లకు జవాబు చెప్పడానికి మాత్రం చాలా ఏళ్లు తెరమీద ఎవరూ లేరు. సింప్సన్స్ అంటే చిన్నప్పటినుంచీ ఎంతో ఇష్టపడ్డ హరే ఆ పనికి పూనుకున్నాడు. 2020లో అజారియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనన్నాడు, మరుసటి ఏడాది భారతీయ అమెరికన్లకు క్షమాపణ చెప్పాడు.