గేరుకు తీగ పోయి బటన్ వచ్చింది. మారాల్సింది వేళ్ల అలవాటు

శ్రీవిజయపురం (పోర్ట్ బ్లెయిర్): అండమాన్ నికోబార్ దీవులకు సైక్లింగ్‌లో పేరు తెచ్చినవి గేరు మార్చే వీలే లేని సైకిళ్లు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో ఈ దీవుల యువకుడు ఎసో అల్బెన్ కెయిరిన్ విభాగంలో రజతం సాధించారు. 2004 నాటి సునామీ నుంచి ప్రాణాలతో బయటపడిన డెబోరా హెరాల్డ్ కూడా ట్రాక్ సైక్లింగ్‌లోనే రాణించారు. ట్రాక్ సైకిల్‌కు ఒకే గేరు. బ్రేకులు సైతం ఉండవు. మిడిల్ పాయింట్ సహా పట్టణమంతా కొండల మీదనే విస్తరించిన శ్రీవిజయపురంలో రోడ్ బైక్ తొక్కేవారి పరిస్థితి వేరు. వారికి ఎత్తుపల్లాలను బట్టి తరచూ గేరు మార్చక తప్పదు.

ఆ మార్పిడిని చాలాకాలం ఉక్కు తీగే చేసింది. మీటను నొక్కితే తీగ బిగుసుకొని, గొలుసును పక్క పళ్లచక్రంపైకి జరిపే డీరైలర్‌ను లాగుతుంది. ఎలక్ట్రానిక్ విధానంలో ఆ పనిని చిన్న మోటారు చేస్తుంది. ఫ్రాన్స్ సంస్థ మావిక్ 1990 దశకం తొలినాళ్లలోనే దీన్ని ప్రయత్నించినా, షిమానో 2009లో 'డీఐ2'ను విక్రయానికి తెచ్చాకే ఇది స్థిరపడింది. 2015లో శ్రామ్ 'ఈట్యాప్'తో తీగలు పూర్తిగా తొలగిపోయాయి.

ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, నిత్యం ఉప్పుగాలి ఉండే చోట ఇది చిన్న సౌకర్యం కాదు. తుప్పు పట్టిన తీగ గొట్టంలో బిగుసుకుపోయి గేరు పడకపోవడం తీర ప్రాంతాల సైక్లిస్టులకు కొత్త కాదు. మోటారుకు ఆ బాధ లేదు. అయితే విద్యుత్ స్పర్శా స్థానాలను తుడిచి పొడిగా ఉంచాలి.

అసలు ఇబ్బంది వేళ్లది. పాత మీటను ఎంత దూరం నెట్టామో చేతికి తెలిసేది. బటన్ అలా చెప్పదు. తడిసిన చేతి తొడుగుతో పక్కపక్కనున్న రెండు బటన్లలో ఏది నొక్కామో కూడా పోల్చుకోలేం. శ్రామ్ పద్ధతిలో కుడి మీట గేరును బరువెక్కిస్తుంది, ఎడమ మీట తేలిక చేస్తుంది, రెండూ కలిపి నొక్కితే ముందు చక్రాల మధ్య గొలుసు మారుతుంది. కొత్తవారిని మాటలు కూడా తికమక పెడతాయి: వెనుక పెద్ద పళ్లచక్రం తేలిక గేరు, ముందు పెద్ద చక్రం బరువు గేరు. 'పైకి', 'కిందికి' అనే కన్నా 'బరువు', 'తేలిక' అనుకోవడమే మేలు. ఏ బటన్‌కు ఏ పని అప్పగించాలో యాప్‌లో మార్చుకోవచ్చు గానీ, తొలి వారాల్లో పదేపదే మారిస్తే చేతికి ఏ అలవాటూ కుదరదు.

మరో అపోహ: మోటారు ఉంది కాబట్టి ఎత్తులో బలంగా తొక్కుతూనే గేరు మార్చవచ్చని. గొలుసుపై భారం మాత్రం మునుపటిలాగే ఉంటుంది. ముఖ్యంగా ముందు చక్రాల మధ్య మార్చేటప్పుడు కాలి ఒత్తిడిని ఒక్క క్షణం తగ్గించాలి.

ఇక బ్యాటరీ. షిమానోలో చార్జింగ్ అడుగంటితే ముందు డీరైలర్ మొదట ఆగిపోతుంది. ఆ తర్వాతే వెనుకది. దాన్ని హెచ్చరికగా భావించి ఇంటి దారి పట్టాలి. శ్రామ్‌లో రెండు డీరైలర్ల బ్యాటరీలూ ఒకటే కనుక, వెనుకది ఖాళీ అయితే ముందుదాన్ని తీసి అమర్చుకోవచ్చు. వైర్‌లెస్ మీటల్లో ఉండే నాణెం ఆకారపు బ్యాటరీని మాత్రం చాలామంది మరచిపోతారు. ప్రధాన భూభాగం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒకటి అదనంగా దగ్గర ఉంచుకోవడం అవసరం. విమానంలో తెచ్చేటప్పుడు విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి.

ఓడలోనో విమానంలోనో పెట్టెలో వచ్చిన సైకిల్‌ను తొక్కే ముందు వెనుక డీరైలర్ వేలాడే హ్యాంగర్‌ను పరీక్షించాలి. అది వంగితే ఎలక్ట్రానిక్ సర్దుబాటు ఏదీ పనిచేయదు. తేలిక గేరు కోసం నొక్కిన బటన్ గొలుసును ఏకంగా చువ్వల్లోకి నెట్టవచ్చు. కిందపడినప్పుడు కొన్ని షిమానో డీరైలర్లు దెబ్బ తగలకుండా మోటారు నుంచి విడిపోతాయి. గేరు పడనంత మాత్రాన అది చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. బటన్‌ను కాసేపు నొక్కిపట్టి, వెనుక చక్రాన్ని ఎత్తి పెడల్ తిప్పితే తిరిగి పనిచేస్తుంది.